బుట్ట మందు కాదు, దీపం: పత్తి చేనులో ఒక వాసన చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒక ప్లాస్టిక్ బుట్ట గురించి. పల్లెల్లో ఉండే వాళ్లు చాలామంది చూసే ఉంటారు. పత్తి చేనులో కర్రకు కట్టి ఉంటుంది. కింద పొడుగాటి పాలిథిన్ సంచి, పైన చిన్న మూత, మూత కింద చిన్న రబ్బరు ముక్క. వ్యవసాయ శాఖ వాళ్లు దీన్ని లింగాకర్షక బుట్ట అంటారు. మా మామ అయితే సింపుల్‌గా పురుగు బుట్ట అంటాడు.

మాది శ్రీరాంపూర్. మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే రోడ్డు మీద మా బొగ్గు గనులు దాటి, ఇందారం, జైపూర్ దాటితే రెండు వైపులా పత్తి చేన్లు కనిపిస్తాయి. అక్కడే మా మేనమామకు నాలుగెకరాల చేను ఉంది. పోయిన ఏడాది నవంబర్‌లో నేను పోయినప్పుడు బుట్టలు వేలాడుతున్నాయి. సంచుల నిండా చచ్చిన చిన్న రెక్కల పురుగులు.

"మామా, మస్తు పడ్డయ్ కదా. ఎన్ని?" అన్నాను.

"ఎవడు లెక్కపెట్టిండు అల్లుడా. పడుతున్నయ్, సస్తున్నయ్. గది చాలు."

అని ఒక పచ్చి కాయ కోసి రెండుగా చీల్చాడు. లోపల గులాబీ రంగు పురుగు. ఇంకోటి చీల్చాడు. అందులోనూ ఉంది. దూది నల్లబడి ముద్దయింది. అప్పటికే ఆయన చాలాసార్లు మందు కొట్టాడు. దుకాణంలో ఖాతా పెరిగింది. "బుట్టల సచ్చేటియి సస్తనే ఉన్నయ్, కాయల తినేటియి తింటనే ఉన్నయ్. గీ బుట్ట ఉత్తదే" అన్నాడు.

నిజంగా ఉత్తదేనా? ఆ ప్రశ్న పట్టుకునే ఈ వాసన చరిత్ర మొత్తం చదివాను. చదివాక అర్థమైంది ఏంటంటే, బుట్ట తన పని తాను చేసింది. అది చెప్పేది మనం వినలేదు.

కథ ఫ్రాన్స్‌లో మొదలవుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జాన్ హెన్రీ ఫాబ్ర్ అనే ఆయన ఉండేవాడు. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టి, పురుగుల్ని చూస్తూ గడిపిన మనిషి. ఒక రోజు ఆయన ఇంట్లో గూడు చీల్చుకుని ఒక పెద్ద ఆడ రెక్కల పురుగు బయటికి వచ్చింది. దాన్ని జాలీ కింద పెట్టాడు. ఆ రాత్రి ఎక్కడెక్కడి నుంచో దాదాపు నలభై మగ పురుగులు ఇంట్లోకి దూసుకొచ్చాయి. బయట చీకటి, చుట్టూ చెట్లు. అయినా దారి కనుక్కున్నాయి. ఆడదాన్ని గాలి చొరబడని గాజు కింద పెడితే మాత్రం ఒక్కటీ రాలేదు. పక్కనే నాఫ్తలీన్ లాంటి ఘాటు వాసన పెట్టినా మగవి తికమక పడలేదు. మనిషి ముక్కుకు అందనిది ఏదో గాలిలో ఉందన్నమాట. అదేంటో ఫాబ్ర్‌కు తేలలేదు.

ఇక్కడ మన చెన్నూరు గుర్తు చేసుకోవాలి. చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో దసలి పట్టు పురుగుల్ని మద్ది చెట్ల మీద పెంచుతారు కదా. ఆ దసలి పురుగు, ఫాబ్ర్ చూసిన పురుగు ఒకే కుటుంబం. మగ దసలి పురుగు తల మీద రెండు ఈకల్లాంటివి ఉంటాయి. ఫోటో దొరికితే జూమ్ చేసి చూడండి. అవే దాని ముక్కు. ఆడదానికి అంత వెడల్పు ఉండవు. ఎందుకంటే పిలిచేది ఆడది, వెతికేది మగది.

పిలుపు దేంతో తయారైందో తేల్చినాయన జర్మనీ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బుటెనాండ్ట్. ఆయన టీమ్ పట్టు పురుగుల్ని ఎంచుకుంది. ఎందుకంటే పట్టు పరిశ్రమ వల్ల అవి లక్షల్లో దొరుకుతాయి. దాదాపు ఇరవై ఏళ్లు పని చేసి, 5 లక్షల ఆడ పురుగుల వాసన గ్రంథులు తీసి, వడపోసి, మళ్లీ వడపోసి, చివరికి కొన్ని మిల్లీగ్రాముల స్వచ్ఛమైన పదార్థం సంపాదించారు. ప్రతి మెట్టు దగ్గర ఏ సీసాలో అసలు సరుకు ఉందో తెలియాలి కదా. దానికి వాళ్ల పరికరం మగ పట్టు పురుగే. వాసన తగిలితే అది రెక్కలు టపటపా ఆడిస్తుంది. 1959లో ఫలితం ప్రకటించారు. పదహారు కార్బన్ల గొలుసు ఉన్న ఒక ఆల్కహాల్ అది. పట్టు పురుగు శాస్త్రీయ నామం బాంబిక్స్ కాబట్టి దానికి బాంబికాల్ అని పేరు పెట్టారు. ఒకే జాతి జీవులు ఒకదానికొకటి కబురు పంపుకునే ఇలాంటి రసాయనాలకు ఫెరోమోన్ అనే మాట పుట్టింది కూడా అదే ఏడాది.

సరే, మాలిక్యూల్ దొరికింది. ఆ మాలిక్యూల్ మగ పురుగు ముక్కులో ఏం చేస్తుంది?

ముందు మన ముక్కు సంగతి చూద్దాం. వంటగ్యాస్‌కు దాదాపు వాసన ఉండదు. లీకైతే తెలియాలని అందులో మెర్కాప్టన్ అనే పదార్థం కలుపుతారు. చాలా కొంచెం కలిపినా మన ముక్కు పట్టేస్తుంది. మగ పురుగు ఇంకా ముందుంది. 1970లో జర్మనీలోనే చేసిన ప్రయోగాల్లో తేలింది ఏంటంటే, పట్టు పురుగు ముక్కులో ఒక నాడీ కణం కదలడానికి బాంబికాల్ మాలిక్యూల్ ఒక్కటి చాలు. ఒకే ఒక్కటి.

ఆ ఈకల్లాంటి మీసం నిండా సన్నటి వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుకకు కంటికి కనబడని చిల్లులు. వాసన మాలిక్యూల్ చిల్లులోంచి లోపలికి పోతుంది. లోపల నీళ్లలాంటి ద్రవం. చిక్కు ఇక్కడే ఉంది. ఫెరోమోన్ నూనె లాంటిది, నీళ్లలో కరగదు. మరి ద్రవం దాటి నాడి దాకా ఎలా పోతుంది? 1981లో అమెరికాలో రిచర్డ్ వోట్, లిన్ రిడిఫర్డ్ దీనికి జవాబు కనుక్కున్నారు. ఆ ద్రవంలో ఒక ప్రోటీన్ ఉంటుంది. అది ఫెరోమోన్‌ను పట్టుకుని మోసుకుపోతుంది, ఆటో లాగా. అదే ద్రవంలో వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ కూడా ఉంది. పాత వాసన చెరిగిపోకపోతే కొత్తది ఎటు నుంచి వస్తుందో తెలియదు కదా. ఇవి దొరికింది ఏ పురుగులో తెలుసా? అమెరికాలో ఉండే దసలి జాతి పురుగులోనే. మన చెన్నూరు పురుగుకు అక్కడి చుట్టం.

నాడి కణం మీద రిసెప్టర్ ఉంటుంది. తాళం అనుకోండి. 1999లో పండు ఈగలో ఈ తాళాల జీన్లు దొరికాయి. 2004లో జపాన్ శాస్త్రవేత్తలు పట్టు పురుగులో బాంబికాల్‌కే తెరుచుకునే తాళం పట్టుకున్నారు. 2008లో ఇంకో విషయం తేలింది. పురుగు తాళం మన ముక్కు తాళంలా పని చేయదు. మన ముక్కులో వాసన తగిలాక లోపల వరుసగా చాలా స్టెప్పులు జరిగి అప్పుడు కరెంటు పుడుతుంది. పురుగులో తాళమే తలుపు. ఓర్కో అనే ఇంకో ప్రోటీన్‌తో జత కట్టి ఉంటుంది. సరైన మాలిక్యూల్ తగలగానే తలుపు తెరుచుకుంటుంది, చార్జ్ ఉన్న కణాలు లోపలికి పోతాయి, సిగ్నల్ పుడుతుంది. మధ్యలో ఎవరూ లేరు. అందుకే అంత స్పీడు.

ఇప్పుడు మన పత్తి చేనుకు వద్దాం. గులాబీ రంగు పురుగును శాస్త్రవేత్తలు మొదట వర్ణించింది 1843లో. ఆ నమూనాలు మన దేశంలో పత్తిని పాడుచేస్తుండగా పట్టినవే. తర్వాత అది పత్తి పండే దేశాలన్నీ తిరిగింది. దాని వాసన కోసం అమెరికా వాళ్లు తెగ వెతికారు. 1966లో దొరికిందని ఒక పదార్థం ప్రకటించారు. పొలంలో అది పని చేయలేదు. తర్వాత షెల్ఫులో ఉన్న రసాయనాలన్నీ ఒక్కొక్కటే పరీక్షించి హెక్సాల్యూర్ అనేది పట్టుకున్నారు. అది కొంచెం పని చేసింది. అసలైనది 1973లో బయటపడింది. పేరు గాసిప్లూర్.

ముందు ఎందుకు తప్పారు? ఎందుకంటే అది ఒకటి కాదు, రెండు మాలిక్యూల్స్. రెండింట్లో అణువులు అన్నీ సమానం. ఒక్క చోట మాత్రం తేడా. గొలుసులో ఒక జాయింట్ దగ్గర ఒకటి వంగి ఉంటుంది, రెండోది దాదాపు తిన్నగా ఉంటుంది. రెండూ దాదాపు సగం సగం ఉంటేనే మగ గులాబీ పురుగు వస్తుంది. ఇంకో తమాషా వినండి. మన ఇళ్లలో వడ్ల బస్తాల్లో పుట్టే వడ్ల చిలుక ఉంది కదా, దాని పిలుపు ఆ రెండింట్లో ఒక్కటే. అంటే ఒక జాయింట్ వంపు మారితే చేను పురుగు కాస్తా గాదె పురుగు వాసన అవుతుంది. మామ బుట్టలో ఉన్న ఆ రబ్బరు ముక్కలో నింపింది ఈ గాసిప్లూరే.

మన దగ్గర వాసన కథ గులాబీ పురుగుతో కాదు, శనగపచ్చ పురుగుతో మొదలైంది. 1972లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. కంది, శనగ పంటలకు ఈ శనగపచ్చ పురుగు పెద్ద శత్రువు. 1980ల్లో ఇక్రిశాట్ బ్రిటన్ శాస్త్రవేత్తలతో కలిసి దీని ఫెరోమోన్ బుట్టల్ని దేశంలో చాలా చోట్ల పెట్టి, రోజూ ఎన్ని పడ్డాయో లెక్కలు తెప్పించింది. గమనించండి, వాళ్లు పురుగుల్ని చంపడానికి బుట్టలు పెట్టలేదు. లెక్కపెట్టడానికి పెట్టారు.

అదే దశాబ్దంలో చేన్లలో జరిగింది వేరే. కొత్తగా వచ్చిన పైరెత్రాయిడ్ మందులు మొదట్లో అద్భుతంగా పని చేశాయి. కొట్టారు, మళ్లీ కొట్టారు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు విరుచుకుపడింది. ఆ మందులకు పురుగు చావడం లేదని, తట్టుకునే శక్తి వచ్చేసిందని పరీక్షల్లో తేలింది. పదేళ్ల తర్వాత 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి పోయింది. మందు కొట్టిన డబ్బులు, అప్పులు, ఆత్మహత్యలు. నేను అప్పటికి పుట్టానో లేదో అన్నట్టు ఉన్నాను, కానీ మా ఇళ్లలో ఆ ఏడాది గురించి ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు.

వేరే దారి లేదా అంటే, ఉంది. అదీ మన బొగ్గు బెల్టులోనే. సింగరేణి హెడ్డాఫీసు ఉన్న కొత్తగూడెం తెలుసు కదా. ఆ దగ్గర్లో, పాల్వంచ వైపు పునుకుల అనే ఊరు ఉంది. 1999 ప్రాంతంలో అక్కడి రైతులు కొందరు, ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో, పురుగు మందు లేకుండా పత్తి పండించడం మొదలుపెట్టారు. వేప గింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం, ఎర పంటగా ఆముదం, వాటితో పాటు ఫెరోమోన్ బుట్టలు. మహిళా సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. 2000ల మొదటి సగంలోనే మందు లేని ఊరిగా పునుకుల పేరు తెచ్చుకుంది. అక్కడ గెలిచింది బుట్ట ఒక్కటే కాదు. రోజూ చేనులోకి పోయి చూడటం, నలుగురూ కలిసి ఒకే పని చేయడం.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మొక్కలోనే పురుగును చంపే ప్రోటీన్. శనగపచ్చ పురుగు బాగా తగ్గింది. బుట్టల్ని జనం మర్చిపోయారు. 2006లో రెండు ప్రోటీన్ల బీటీ వచ్చింది. కానీ గులాబీ పురుగు ఊరుకోలేదు. గుజరాత్‌లో మొదటి ప్రోటీన్‌ను అది తట్టుకుంటోందని 2010లో బయటికి చెప్పారు. ఇంకో నాలుగైదేళ్లకు రెండోదాన్నీ తట్టుకుంది. మందు ఓడిన కథే మళ్లీ జరిగింది.

గులాబీ పురుగుతో అసలు కష్టం ఏంటంటే, అది గుడ్డు నుంచి వచ్చిన కాసేపటికే పువ్వులోకో కాయలోకో దూరిపోతుంది. తర్వాత మీరు ఎంత ఖరీదైన మందు కొట్టినా అది ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నట్టే. దెబ్బ కొట్టాలంటే అది దూరక ముందే కొట్టాలి. ఆ టైం ఎప్పుడో పైనుంచి చూస్తే తెలియదు. దాన్ని చెప్పగలిగేది ఆ బుట్ట.

ఇక్కడ మా బాపు గురించి చెప్పాలి. బాపు గనిలో మైనింగ్ సర్దార్‌గా చేశాడు. భూమి కింద మీథేన్ గ్యాస్ ఉంటుంది. దానికి వాసన లేదు. పేలితే ప్రాణాలు పోతాయి. మనిషి ముక్కు పనికిరాని చోట వాళ్లు సేఫ్టీ ల్యాంప్ పట్టుకుపోయేవాళ్లు. పైకప్పు దగ్గర దీపం ఎత్తి పెడితే, గ్యాస్ ఉంటే మంట మీద నీలం రంగు టోపీలా కనిపిస్తుంది. మామ బుట్ట సంగతి చెప్తే బాపు నవ్వాడు. "దీపం గ్యాస్‌ను తీస్తదారా? ఉన్నదని చెప్తది. పని ఆపుడు, గాలి పెట్టుడు మనం జెయ్యాలె. దీపం పట్టుకపోయి సూడకుండ అస్తే ఏం లాభం?"

నాకు మొత్తం విషయం అక్కడ క్లియర్ అయింది. బుట్ట మందు కాదు, దీపం.

కొంచెం లాజిక్ చూద్దాం. ఎకరానికి రెండు బుట్టలు పెడితే అందులో పడేవి మగ పురుగులు మాత్రమే. ఒక మగది చాలా ఆడవాటితో జత కట్టగలదు. సగం మగవి చచ్చినా మిగతా సగం చాలు. గుడ్లు పెట్టే ఆడది బుట్ట వైపు కూడా చూడదు. అందుకే సంచి నిండినా కాయలో పురుగు ఉంది. కానీ లెక్క ఉంటే అంతా మారిపోతుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే గీత ఇది: ఒక బుట్టలో రాత్రికి 8 పురుగుల చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే ప్రమాదం మొదలైనట్టు. అప్పుడు ఎకరంలో అక్కడక్కడ 20 పచ్చి కాయలు కోసి చూడాలి. రెండింట్లో పురుగు కనిపిస్తే ఇక ఆగొద్దు. ఏం కొట్టాలో రైతు వేదికలో మీ ఏఈఓను అడగండి, దుకాణం ఆయన్ని కాదు. రబ్బరు ఎరను కూడా ప్యాకెట్ మీద రాసిన గడువుకు మార్చాలి. వాసన అయిపోయిన ఎర అంటే చమురు లేని దీపం. పురుగు లేదని అబద్ధం చెప్తుంది.

వాసనతో నేరుగా పురుగును తగ్గించే పద్ధతి కూడా ఉంది. చేను అంతటా ఆ ఫెరోమోన్‌ను తాళ్లతోనో పేస్ట్‌తోనో పెడతారు. గాలి మొత్తం పిలుపుతో నిండిపోతుంది. జాతరలో తప్పిపోయిన మనిషిని వంద మైకుల్లో ఒకేసారి పిలిస్తే ఎటు పోవాలో తెలియదు కదా, మగ పురుగు పరిస్థితి అదే. జత కట్టలేకపోతుంది. అమెరికా ఈ పద్ధతిని, బీటీ పత్తిని, జత కట్టినా పిల్లలు పుట్టని పురుగుల్ని వదలడాన్ని కలిపి వాడింది. 2018లో తమ పత్తి ప్రాంతాల్లో గులాబీ పురుగు నిర్మూలన అయిందని ప్రకటించింది. కానీ అక్కడ ఏళ్ల తరబడి ప్రాంతం మొత్తం కలిసి చేశారు. ఒక్క నాలుగెకరాల్లో చేస్తే పక్క చేనులో జత కట్టిన ఆడది ఎగిరొచ్చి గుడ్లు పెట్టి పోతుంది.

పురుగు వాసనకు కూడా అలవాటు పడదా అని మీరు అడగొచ్చు. కరెక్ట్ ప్రశ్న. జపాన్ తేయాకు తోటల్లో అలా జరిగింది. 1980ల నుంచి ఒకే ఒక్క మాలిక్యూల్‌తో గాలి నింపారు. పదేళ్లు దాటాక ఆకు చుట్టే పురుగు దాన్ని దాటడం నేర్చుకుంది. అసలు పిలుపులో ఉన్న మాలిక్యూల్స్ అన్నీ కలిపి పెట్టాక మళ్లీ పని చేసింది. అంటే ఇదీ మాయ మంత్రం కాదు. కాకపోతే ఇందులో పురుగు మందులా చేతులు మండవు, తేనెటీగ చావదు.

ఇంకోటి కూడా ఉంది. గులాబీ పురుగు పంట అయిపోయాక మిగిలిన కాయల్లో, పత్తి కట్టెలో నిద్రపోతూ వచ్చే ఏడు కోసం ఎదురుచూస్తుంది. జనవరి దాటాక కూడా పత్తి ఉంచుకుంటే, కట్టెను చేను గట్టున కుప్ప వేసుకుంటే, మనమే దానికి ఇల్లు కట్టి ఇచ్చినట్టు. జిన్నింగ్ మిల్లు చుట్టుపక్కల కూడా బుట్టలు పెట్టమనేది అందుకే.

నేను ఆఫీసులో పని చేసినప్పుడు సర్వర్‌లో ఏదైనా తేడా వస్తే ముందు లాగ్ చూసేవాళ్లం. అలారం రాసి పెట్టి ఉంటుంది, చదివే వాడే ఉండడు. మామ సంచిలో ఉన్నది కూడా లాగే. ఇరవై ఏళ్ల శ్రమ, 5 లక్షల పట్టు పురుగులు, దసలి పురుగు మీసంలో దొరికిన ప్రోటీన్, ఇవన్నీ కలిసి ఒక రబ్బరు ముక్కగా ఆయన చేనులో వేలాడాయి. ఆయనకు దాన్ని ఎలా చదవాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. తప్పు ఆయనది కాదు.

ఈసారి నేను వానాకాలంలోనే పోయాను. గోడ మీది క్యాలెండర్ ఇచ్చి, తారీఖు గడిలో రోజూ ఒక అంకె రాయమన్నాను. మొదట విసుక్కున్నాడు. తర్వాత అత్తమ్మ రాయడం మొదలుపెట్టింది. పొద్దున్నే పోయి సంచి విప్పి, లెక్కపెట్టి, చచ్చినవి పారేసి వచ్చేది. రెండు, ఒకటి, నాలుగు, మూడు. ఒక రోజు పొద్దున మామ ఫోన్ చేశాడు.

"అల్లుడా, మొన్న తొమ్మిది, నిన్న పదకొండు, ఇయ్యాల ఎనిమిది."

"కాయలు కోసి చూసినవా మామా?"

"ఇరవై కోసిన. ఒక్కదాంట్ల ఉన్నది. ఇంకా ఆగుతున్న. రేపు మళ్ల కోస్త."

పోయినేడు ఇదే మనిషి పక్కాయన కొడుతున్నాడని తానూ కొట్టాడు. ఇప్పుడు ఆగుతున్నాడు. ఆగడానికి కూడా ఆధారం కావాలి కదా, ఆయన దగ్గర ఇప్పుడు ఉంది. నేను ఇంకోటి అడిగాను, పక్క చేను ఆయనకు చెప్పినవా అని.

"చెప్పిన. ఆయన చేన్ల బుట్ట లేదు. పొద్దుగాల మా ఇంటికచ్చి క్యాలెండర్ సూసి పోతున్నడు."

ఆ క్యాలెండర్ ఫోటో వీడియోలో పెట్టాను, చూడండి. మీ ఇంట్లోనో, మీ మామ ఇంట్లోనో పత్తి చేను ఉంటే, ఈ వారం పోయినప్పుడు బుట్ట సంచి విప్పి ఒక్కసారి లెక్కపెట్టండి. ఎర మార్చి ఎన్ని రోజులైందో అడగండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.